గిటార్ ఆంప్లిఫయర్ నాదగుణంలో శూన్యనాళికల పాత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యుత్ గిటార్ ఆంప్లిఫయర్లలో వాడే శూన్యనాళికలలో ఒక్కొక్క రకానికీ ఒక ప్రత్యేక నాదగుణం ఉందనీ, 6ఎల్6 నాళిక ‘అమెరికన్’ నాదాన్ని, ఇఎల్34 నాళిక ‘బ్రిటిష్’ నాదాన్ని ఇస్తాయనీ వాద్యకారులలో స్థిరపడిన అభిప్రాయం. నాళికల నిర్మాణాన్ని, విరూపణ స్వభావాన్ని వివరిస్తూ, ఫెండర్ బాస్‌మన్ నుంచి మార్షల్ సూపర్ లీడ్ వరకు సాగిన పరిణామాన్ని ఆధారంగా తీసుకొని ఆ అభిప్రాయంలోని సత్యాసత్యాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: శూన్యనాళిక, ట్రయోడ్, పెంటోడ్, అనుస్వరాలు, విరూపణ, నెగటివ్ ఫీడ్‌బ్యాక్, నాదగుణం.

ప్రవేశిక

ట్రాన్సిస్టర్ వచ్చిన తరువాత రేడియో, టెలివిజన్, గణనయంత్రం ఒకదాని వెంట ఒకటి శూన్యనాళికను వదిలించుకున్నాయి. తెలుగునాట ‘వాల్వు రేడియో’ అన్న మాట పెద్దల జ్ఞాపకాలలోనే మిగిలింది. గిటార్ ఆంప్లిఫయర్ మాత్రం ఆ దారిలో పూర్తిగా నడవలేదు. నేటికీ ఎందరో వాద్యకారులు బరువైన, వేడెక్కే, పగిలిపోయే ఆ గాజు నాళికలనే కోరుకుంటున్నారు.

దీనిని గతంపై మమకారంగా కొట్టిపారేయడం సులభం. కానీ ఇతర ఆంప్లిఫయర్లకు, గిటార్ ఆంప్లిఫయర్‌కు ప్రయోజనంలోనే భేదముంది. గాయకుని గొంతును సభకు వినిపించే ఆంప్లిఫయర్ ఆ గొంతును మార్చకూడదు, పెంచాలి అంతే. విద్యుత్ గిటార్ విషయం వేరు. ఘనమైన చెక్కతో చేసిన ఆ వాద్యానికి నాదాన్ని పెంపొందించే గుల్ల శరీరం లేదు. వీణ తీగ పలికిన స్వరానికి కుండ ఏ పని చేస్తుందో, ఇక్కడ ఆ పనిలో అధికభాగం ఆంప్లిఫయర్, స్పీకర్ చేస్తాయి. వీణ కుండ స్వరాన్ని ‘మార్చింది’ అని ఎవరూ ఫిర్యాదు చేయరు. ఆంప్లిఫయర్ ఇక్కడ వాద్యంలో ఒక అంగం. కాబట్టి అందులో ఏ భాగం నాదాన్ని ఎంత మలుస్తుందన్నది సంగీతశాస్త్రానికి, భౌతికశాస్త్రానికి ఉమ్మడిగా చెందిన ప్రశ్న.

నాళిక పనిచేసే తీరు

గాలి తీసివేసిన గాజు బుడ్డిలో కాథోడును వేడిచేస్తే దాని ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. ఎదురుగా ధన వోల్టేజి ఉన్న ప్లేటు వాటిని ఆకర్షిస్తుంది. 1904లో ఫ్లెమింగ్ రూపొందించిన డయోడ్‌లో ఉన్నవి ఈ రెండే. వాటి మధ్య గ్రిడ్ అనే మూడవ ఎలక్ట్రోడును చేర్చి లీ డి ఫారెస్ట్ ట్రయోడ్‌కు దారి తీశాడు. గ్రిడ్ మీది స్వల్పమైన ఋణ వోల్టేజి హెచ్చుతగ్గులు ప్లేటుకు చేరే ప్రవాహాన్ని బాగా మారుస్తాయి. చిన్న తలుపు పెద్ద కాలువను అదుపు చేసినట్లు, కొన్ని వందల మిల్లీవోల్టుల గిటార్ సంకేతం వందల వోల్టుల సరఫరాను అదుపు చేస్తుంది.

అయితే ఈ అదుపు సరళరేఖలో సాగదు. ప్లేటు ప్రవాహం వోల్టేజికి సమానుపాతంలో కాక, సుమారుగా దాని మూడు బై రెండవ ఘాతాన్ని అనుసరిస్తుంది. అందుచేత సంకేతం పెద్దదైన కొద్దీ తరంగపు ఒక సగం సాగుతుంది, మరొక సగం కుదించుకుపోతుంది. గిటార్ నాదానికి సంబంధించిన చర్చ అంతా ఈ వంకర నుంచే పుడుతుంది.

తొలి దశలోని చిన్న నాళికలు

గిటార్ ఆంప్లిఫయర్ల తొలి దశలలో విరివిగా కనిపించేది 12ఎఎక్స్7. ఐరోపాలో దీని పేరు ఇసిసి83. ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లు ఉంటాయి. దీని వర్ధన గుణకం 100. ఇదే కుటుంబంలోని 12ఎటి7కు అది 60, 12ఎవై7కు సుమారు 44, 12ఎయు7కు 17 నుంచి 20. ఈ సంఖ్యలను చూసి ‘12ఎయు7 వేస్తే నాదం శుభ్రంగా ఉంటుంది, 12ఎఎక్స్7 వేస్తే గరుకుగా ఉంటుంది’ అనడం పరిపాటి. ఈ మాటలో నిజముంది. కానీ ఆ శుభ్రత నాళిక స్వభావం కంటే వర్ధనం తగ్గడం వల్లనే ఎక్కువగా వస్తుంది.

ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. 12ఎఎక్స్7 అంతర్నిరోధం సుమారు 62.5 కిలో ఓములు. ప్లేటుకు 100 కిలో ఓముల నిరోధకం కలిపితే నిజంగా లభించే వర్ధనం దాదాపు 61. అదే చోట 25 కిలో ఓముల అంతర్నిరోధం గల 12ఎవై7ను ఉంచితే అది సుమారు 35కు పడిపోతుంది. రెంటికీ మధ్య తేడా 5 డెసిబెల్లు. మొదటి దశలో 100 మిల్లీవోల్టుల సంకేతం 61 రెట్లు పెరిగితే 6 వోల్టులు దాటుతుంది. రెండవ దశలోని గ్రిడ్ సాధారణంగా కాథోడు కంటే ఒకటిన్నర వోల్టు మాత్రమే దిగువన ఉంటుంది. మధ్యలో వాల్యూమ్ నియంత్రణ వద్ద కొంత నష్టం జరిగినా, ఆ గ్రిడ్ తట్టుకోగల హద్దును సంకేతం తేలికగా దాటుతుంది. అంటే విరూపణ మొదలయ్యేది తరచుగా రెండవ దశలో. దానిని నిర్ణయించేది మొదటి నాళిక వర్ధనం.

12ఎటి7 విషయంలో మరొక చిక్కు ఉంది. పట్టికలో దాని అంతర్నిరోధం 11 కిలో ఓముల లోపు. కానీ ఆ విలువ 10 మిల్లీఆంపియర్ల ప్రవాహం వద్ద కొలిచినది. 12ఎఎక్స్7 కోసం నిర్మించిన వలయంలో ఒక మిల్లీఆంపియర్‌కు అటూ ఇటూ మాత్రమే ప్రవహిస్తుంది. ఆ స్థితిలో అంతర్నిరోధం ఎన్నో రెట్లు పెరిగి నాళిక తన పట్టికకు దూరంగా ప్రవర్తిస్తుంది. నాళికను మార్చి చూసి దాని ‘స్వరం’ గురించి తీర్పు చెప్పేవారు నిజానికి ఆ నాళికకు అనుకూలించని స్థితిని వింటున్నారు.

విరూపణలోని స్వరాలు

విరూపణ అన్న మాటలో దోషారోపణ ధ్వనిస్తుంది. సంగీతపరంగా చూస్తే అది కొత్త స్వరాల చేరిక. 110 హెర్ట్జ్‌ల తీగను షడ్జంగా భావిస్తే, రెండవ అనుస్వరం 220 హెర్ట్జ్‌ల పై షడ్జం, మూడవది 330 హెర్ట్జ్‌ల పై స్థాయి పంచమం, నాలుగవది మళ్ళీ షడ్జం, ఐదవది 550 హెర్ట్జ్‌ల వద్ద అంతర గాంధారం. తంబుర మీటుతున్నప్పుడు ఎవరూ మీటని గాంధారాన్ని విన్నవారికి ఈ శ్రేణి పరిచితమే. ఏడవ అనుస్వరం మాత్రం కైశికి నిషాదానికి కాస్త కిందగా పడి ఏ స్వరస్థానానికీ ఇమడదు. ఉన్నత అనుస్వరాలు బలపడిన కొద్దీ చెవికి కరకుదనం తగలడానికి ఇది ఒక కారణం.

ట్రయోడ్ దశలో తరంగపు రెండు సగాలూ సమంగా వంగవు. ఒకవైపు గ్రిడ్ ప్రవాహం మొదలై శిఖరం చదునవుతుంది, మరొకవైపు నాళిక ప్రవాహాన్ని నిలిపివేస్తుంది. ఈ అసమత వల్ల సరి సంఖ్య అనుస్వరాలు, ముఖ్యంగా రెండవది, పుడతాయి. చివరి దశలో రెండు నాళికలు ఎదురెదురుగా పనిచేసే పుష్-పుల్ అమరిక ఉంటే అక్కడ పుట్టిన సరి అనుస్వరాలు ట్రాన్స్‌ఫార్మర్‌లో చాలావరకు పరస్పరం రద్దవుతాయి, బేసివి మిగులుతాయి. ‘నాళికలు సరి అనుస్వరాలను, ట్రాన్సిస్టర్లు బేసి అనుస్వరాలను ఇస్తాయి’ అన్న ప్రసిద్ధ వాక్యం ఇందుకే నిలవదు. సరి బేసి అన్నది వలయపు సమతకు సంబంధించిన విషయం.

రెండు తీగలు కలిసి మోగినప్పుడు ఫలితం మరింత ఆసక్తికరం. 110, 165 హెర్ట్జ్‌ల షడ్జ పంచమాలు విరూపణ చెందితే వాటి భేదం 55, మొత్తం 275. రెండూ 55 గుణిజాలే కాబట్టి కొత్త స్వరాలు పాతవాటితో పొసగుతాయి, పైగా ఒక స్థాయి కింద లేని మంద్రషడ్జం వినిపిస్తుంది. రాక్ సంగీతంలో గాంధారం లేని ‘పవర్ కార్డ్’ ప్రాధాన్యానికి మూలం ఇదే. షడ్జంతో గిటార్ మెట్ల మీది సమస్వభాగ గాంధారాన్ని (138.6 హెర్ట్జ్) జోడిస్తే భేదస్వరం 28.6 వస్తుంది. శుద్ధ గాంధారమైతే అది సరిగ్గా 27.5 అయి షడ్జానికి రెండు స్థాయిల కింద కుదురుకునేది. ఈ చిన్న తేడాయే అధిక విరూపణలో బురదగా వినిపిస్తుంది.

చివరి దశ: పెంటోడ్, బీమ్ టెట్రోడ్

స్పీకర్‌ను నడిపే నాళికలు రెండు వంశాలవి. ప్లేటును తాకిన ఎలక్ట్రాన్లు అక్కడి నుంచి మరికొన్ని ఎలక్ట్రాన్లను వెళ్ళగొడతాయి. అవి స్క్రీన్ గ్రిడ్ వైపు మళ్ళితే నాళిక లక్షణ వక్రంలో మడత పడుతుంది. 1926లో ఫిలిప్స్ సంస్థకు చెందిన టెల్లెగెన్ స్క్రీన్‌కు, ప్లేటుకు మధ్య మరొక గ్రిడ్ చేర్చి దీనిని నివారించాడు. అదే పెంటోడ్. ఆ పేటెంట్‌ను తప్పించుకోవలసిన అవసరం బ్రిటన్‌లో మరొక మార్గాన్ని చూపింది. ఇఎంఐ ఇంజినీర్లు బుల్, రొడ్డా మూడవ గ్రిడ్ లేకుండా ఎలక్ట్రాన్లను సన్నని పుంజాలుగా కూర్చి అదే ఫలితం సాధించారు. ఆ ఆలోచనే అమెరికా చేరి 1936లో ఆర్‌సిఎ సంస్థ 6ఎల్6గా వెలువడింది. ‘అమెరికన్ నాదానికి’ ప్రతీకగా నిలిచిన నాళిక బీజం ఇంగ్లండులో పడిందన్నది గమనార్హం. కెటి66, 6వి6, 6550 ఈ బీమ్ టెట్రోడ్ వంశానికి చెందినవి. ఇఎల్34, ఇఎల్84 నిజమైన పెంటోడ్లు.

రెండు వంశాల మధ్య భేదం కల్పితం కాదు. ప్లేటు వోల్టేజి బాగా పడిపోయిన క్షణంలో బీమ్ టెట్రోడ్ వక్రం పదునైన మోకాలులా వంగుతుంది, పెంటోడ్ వక్రం కాస్త గుండ్రంగా వంగుతుంది. పరివర్తన వాహకతలోనూ తేడా పెద్దదే. 250 వోల్టుల వద్ద 6వి6కు అది వోల్టుకు సుమారు 4 మిల్లీఆంపియర్లు, 6ఎల్6కు 5 నుంచి 6, ఇఎల్34, ఇఎల్84లకు 11 ప్రాంతం.

దీని ఆధారంగా ఇఎల్34ను నడపడానికి సగం సంకేతం చాలునని అనిపిస్తుంది. తయారీదారుల పట్టికలు అలా చెప్పవు. 6ఎల్6జిసి జంట 450 వోల్టుల ప్లేటుతో, 5.6 కిలో ఓముల భారంతో 55 వాట్లు ఇవ్వడానికి ఒక్కొక్క గ్రిడ్‌కు 35 వోల్టుల శిఖర సంకేతం కావాలి. ఇఎల్34 జంట 425 వోల్టుల సరఫరాతో, 3.4 కిలో ఓముల భారంతో అదే 55 వాట్లు ఇవ్వడానికి 38 వోల్టులు కావాలి. నడిపే శ్రమ దాదాపు ఒకటే. మారినది భారం. విరూపణ మొదటిదానికి 1.8 శాతం, రెండవదానికి 5 శాతం అని ఆ పట్టికలు ఇస్తాయి. ఇఎల్34 లెక్కలో స్క్రీన్లకు ఉమ్మడిగా ఒక కిలో ఓము నిరోధకం ఉంది. సంకేతం పెరిగిన కొద్దీ అది స్క్రీన్ వోల్టేజిని దించుతుంది. కనుక ఆ 5 శాతాన్ని కూడా నాళిక ఖాతాలోనే వేయడం న్యాయం కాదు.

బాస్‌మన్ నుంచి సూపర్ లీడ్ వరకు

1950ల చివరి ఫెండర్ బాస్‌మన్ (5ఎఫ్6-ఎ వలయం) బేస్ గిటార్ కోసం నిర్మించినది. దానిని ఎక్కువగా ప్రేమించినది మామూలు గిటార్ వాద్యకారులు. అందులో మొదటి నాళిక 12ఎవై7, తరువాతి రెండు 12ఎఎక్స్7లు, చివర 6ఎల్6 వంశానికే చెందిన 5881 జంట, సరఫరాకు జిజెడ్34. వెనుకభాగం తెరిచిన పెట్టెలో నాలుగు 10 అంగుళాల జెన్సెన్ స్పీకర్లు. 1962లో పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో వాద్యపరికరాల అంగడి నడుపుతున్న జిమ్ మార్షల్, ఆయన వద్ద పనిచేసిన కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ దీని వలయాన్ని దాదాపు యథాతథంగా అనుసరించి జెటిఎం45ను నిర్మించారు.

తొలి జెటిఎం45లలోనూ 5881 నాళికలే ఉన్నాయి. అంటే చివరి నాళిక మారకముందే నాదం మారింది. కారణాలు వలయంలోనే కనిపిస్తాయి. మొదటి స్థానంలో 12ఎవై7 బదులు ఇసిసి83 రావడంతో పైన లెక్కించిన 5 డెసిబెల్లు చేరాయి. బాస్‌మన్‌లో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ సంకేతాన్ని 2 ఓముల స్పీకర్ తీగ నుంచి 27 కిలో ఓముల ద్వారా తీసుకుంటారు. జెటిఎం45లో అదే 27 కిలో ఓములు 16 ఓముల తీగకు కలిశాయి. ఒకే శక్తి వద్ద వోల్టేజి ఇంపిడెన్స్ వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక ఫీడ్‌బ్యాక్ సంకేతం దాదాపు 2.8 రెట్లయింది. స్పీకర్లు మూసిన పెట్టెలోని నాలుగు 12 అంగుళాల సెలెస్టియన్లు అయ్యాయి.

కొద్దికాలానికి 5881 స్థానంలో కెటి66 వచ్చింది. 1966లో జాన్ మేయాల్ బృందం వెలువరించిన ‘బ్లూస్ బ్రేకర్స్’ ఆల్బమ్‌లో ఎరిక్ క్లాప్టన్ వాయించినది రెండు 12 అంగుళాల స్పీకర్లతో కూడిన, కెటి66 నాళికల మార్షల్ ఆంప్లిఫయర్ మీద. (దాని నమూనా సంఖ్య 1962. సూపర్ లీడ్ నమూనా సంఖ్య 1959. ఇవి సంవత్సరాలు కావు. ఈ గందరగోళం వల్ల కాలనిర్ణయంలో పొరపాట్లు సులభం.) బ్రిటిష్ గిటార్ నాదాన్ని లోకానికి చాటిన ఆ ధ్వనిముద్రణ వెనుక ఉన్నది ఇఎల్34 కాదు, 6ఎల్6కు దగ్గరి చుట్టమైన బీమ్ టెట్రోడ్. నాళికకు జాతీయతను అంటగట్టే వాదానికి ఇంతకంటే ఇబ్బందికరమైన సాక్ష్యం దొరకదు.

ఇఎల్34 మార్షల్ ఆంప్లిఫయర్లలో స్థిరపడినది 1960ల రెండవ సగంలో. దీనికి ధర, లభ్యత కారణాలని చెబుతారు. అయితే అది ఒంటరిగా రాలేదు. ఆ రెండు మూడు సంవత్సరాలలోనే స్వరనియంత్రణ వలయంలోని 56 కిలో ఓముల నిరోధకం 33కు తగ్గింది, 250 పికోఫారడ్ల కెపాసిటర్ 500కు పెరిగింది. రెండు తొలి ట్రయోడ్లకు ఉమ్మడిగా ఉన్న 820 ఓముల కాథోడు నిరోధకం విడిపోయి, ఒకదానికి 2.7 కిలో ఓములు, 0.68 మైక్రోఫారడ్ అమరాయి. ఈ చివరి మార్పు ఒక్కటే సుమారు 90 నుంచి 230 హెర్ట్జ్‌ల మధ్య మొదలుకొని పై పౌనఃపున్యాలను ఎత్తి, మంద్రాన్ని వెనక్కి నెడుతుంది. ఫీడ్‌బ్యాక్ నిరోధకం 47కు, కొన్నింటిలో 100 కిలో ఓములకు పెరిగింది, అంటే ఫీడ్‌బ్యాక్ తగ్గింది. తారస్థాయి మెరుపు, ముందుకు దూకే మధ్యస్థాయి, గరుకుదనం అని ఇఎల్34కు ఆపాదించే గుణాలన్నీ ఈ మార్పుల నుంచి విడిగా లెక్కగట్టి తీయదగినవే. ఒకేసారి ఐదారు చరరాశులు మారిన ప్రయోగంలో ఫలితాన్ని ఒకదానికే ఇవ్వడం ఏ పరిశోధనలోనూ అంగీకరించరు.

దీనికి విపర్యయ ప్రయోగం కూడా చరిత్రే సమకూర్చింది. 1970లలో అమెరికాకు ఎగుమతి అయిన మార్షల్ ఆంప్లిఫయర్లలో అనేకం ఇఎల్34 బదులు 6550తో వెళ్ళాయి. అవి కొంత బిగువుగా, ఆలస్యంగా విరూపణ చెందేవిగా ఉన్నాయని వాద్యకారులు అంటారు. అయినా వాటిని ఫెండర్ అని ఎవరూ పొరబడలేదు.

స్పీకర్‌తో సంబంధం

ఫీడ్‌బ్యాక్ ప్రాధాన్యం మరొక కారణంగానూ ఎక్కువ. పెంటోడ్, బీమ్ టెట్రోడ్ రెండింటి అంతర్నిరోధమూ చాలా హెచ్చు: ఇఎల్34కు 15 కిలో ఓములు, 6ఎల్6కు 22, ఇఎల్84కు 38 ప్రాంతం. అలాంటి మూలం స్పీకర్‌కు వోల్టేజిని కాక ప్రవాహాన్ని అందిస్తుంది. స్పీకర్ ఇంపిడెన్స్ 8 ఓములని పైన రాసి ఉన్నా, 80, 100 హెర్ట్జ్‌ల దగ్గరి అనునాదం వద్ద అది అనేక రెట్లు పెరుగుతుంది, తారస్థాయిలో తీగచుట్ట ప్రేరకత్వం వల్ల మళ్ళీ పెరుగుతుంది. ప్రవాహం స్థిరంగా ఉంటే ఇంపిడెన్స్ పెరిగిన చోటల్లా శబ్దమూ పెరుగుతుంది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఈ ఎగుడుదిగుళ్ళను అణచివేస్తుంది. అది లేకపోతే స్పీకర్ తన స్వభావాన్ని యథేచ్ఛగా చాటుకుంటుంది.

వాక్స్ ఎసి30 ఇందుకు ఉదాహరణ. నాలుగు ఇఎల్84లు, కాథోడు బయాస్, ఫీడ్‌బ్యాక్ లేని చివరి దశ. దాని మోగే తారస్థాయిని ఇఎల్84 గుణంగా, ‘క్లాస్ ఎ’ మహిమగా వర్ణిస్తారు. నిజానికి పూర్తి శక్తి వద్ద అది క్లాస్ ఎబిలోనే పనిచేస్తుంది. ఇఎల్84 సైతం ఇళ్ళలోని రేడియోల చివరి దశకోసం రూపొందిన నాళిక. అదే నాళిక గుడ్డ తెర వెనుక వార్తలు చదివినప్పుడు ఎవరికీ గంటల మోత వినిపించలేదు.

సరఫరా దశలోని రెక్టిఫయర్ నాళిక సంకేత మార్గంలో లేకపోయినా స్పర్శను మారుస్తుంది. 225 మిల్లీఆంపియర్ల వద్ద జిజెడ్34లో 17 వోల్టులు మాత్రమే పడిపోతాయి. అదే ప్రవాహం వద్ద 5యు4జిబిలో ఆ పతనం 44 వోల్టులు. గట్టిగా మీటిన క్షణంలో సరఫరా కుంగి మెల్లగా కోలుకోవడం వల్ల స్వరం ఆది అణగి తరువాత ఉబ్బుతుంది.

పేరు, వస్తువు

ఇంతవరకు నాళిక పేరు ఒక నిర్దిష్ట వస్తువును సూచిస్తుందన్న భావనతో చర్చ సాగింది. అది కూడా పూర్తిగా నిలవదు. ఇఎల్34కు అమెరికన్ నామం 6సిఎ7. కానీ సిల్వేనియా సంస్థ 6సిఎ7 పేరుతో అమ్మిన లావుపాటి నాళికలో మూడవ గ్రిడ్ లేదు, పుంజాలను కూర్చే రేకులున్నాయి. పేరుకు పెంటోడ్, నిర్మాణానికి బీమ్ టెట్రోడ్. సోవియట్ సైనిక అవసరాలకు తయారైన 6పి3ఎస్-ఇ అనే నాళిక 1990లలో పాశ్చాత్య విపణిలో సోవ్‌టెక్ 5881గా చెలామణి అయింది. నేటి ఉత్పత్తి స్లొవేకియాలోని చాద్‌త్సా, రష్యాలోని సరాతవ్ వంటి కొద్దిచోట్లకు, చైనాలోని కొన్ని కర్మాగారాలకు పరిమితమైంది. 2022 మార్చిలో రష్యా ఎగుమతి ఆంక్షలు ప్రకటించగానే ప్రపంచమంతటా నాళికల ధరలు ఎగబాకాయి. ఒకే కర్మాగారపు నాళికలు పలు వాణిజ్యనామాలతో, వేర్వేరు ధరలకు అమ్ముడవుతాయి. ఈ పరిస్థితిలో ‘ఇఎల్34 నాదం’ గురించి రాసే పరిశోధకుడు ఏ సంవత్సరంలో, ఏ కర్మాగారంలో తయారైన ఇఎల్34 అని ముందుగా పేర్కొనవలసి ఉంటుంది. దానితోపాటు బయాస్ ప్రవాహం, ప్లేటు, స్క్రీన్ వోల్టేజీలు, ట్రాన్స్‌ఫార్మర్ భారం, ఫీడ్‌బ్యాక్ పరిమాణం నమోదు చేయాలి. మొత్తం శబ్దస్థాయిని సమానం చేసిన తరువాతే రెండు నాళికలను పోల్చాలి, ఎందుకంటే అర డెసిబెల్ హెచ్చుగా మోగినదాన్ని చెవి మెరుగైనదిగా ఎంచుకుంటుంది.